టేపక్క మళ్లీ తీసిన వీడియో

మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు గనుక వీధంతా టేపక్క అంటుంది. ముప్పై ఏళ్లుగా దర్జీ పని. చెయ్యి ఎంత పొందికో, నోరు అంత ధారాళం. రెండు నెలలుగా కుట్టు పాఠాలు వీడియోలు తీసి ఆన్‌లైన్‌లో పెడుతోంది. చూసేవాళ్లు ఎందరున్నా ఆవిడకు కావలసిన మనిషి ఒక్కతే, దూరపు ఊళ్లో ఉన్న చెల్లెలు.

చెల్లెలు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. పాత కుట్టుమిషను ఒకటి కొనుక్కుంది. వచ్చే సోమవారం పొద్దున నమూనా చొక్కా కుట్టి చూపిస్తే స్కూలు యూనిఫాంల పని ఇస్తామన్నారు. తీరా చూస్తే గురువారం ఫోను చేసి ఒకటే ఏడుపు.

"అక్కా, నువ్వు చూపించినట్టే సూది పెట్టా, దారం ఎక్కించా. నాలుగు కుట్లు పడగానే తెగిపోతోంది. నావల్ల కాదు, మిషను అమ్మేస్తా."

"చిన్నప్పట్నుంచీ నీకు చూపొకచోట, చెయ్యొకచోట! మళ్లీ చూసి చెయ్యి," అని ఉతికి ఆరేసి ఫోను పెట్టేసింది టేపక్క.

పెట్టేసిందే గానీ మనసు కుదుటపడలేదు. వీడియో కింద ఇంకో ఇద్దరు కూడా దారం తెగుతోందని రాశారు. ముగ్గురికీ చేతులు సరిగా లేవా? తనకేమీ రానట్టు, వీడియోలో కనిపించినట్టే తన మిషనుకు సూది బిగించి, దారం ఎక్కించి తొక్కింది. నాలుగో కుట్టుకు పుటుక్కున తెగింది.

తెరను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. సూది మీదికి వంగినప్పుడు వేలాడిన టేపు మీద అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. తన ముఖం తనకు కనబడాలని సెల్ఫీ కెమెరాతో తీసింది మరి. అది అద్దంలోలాగా ఎడమను కుడి చేసేసింది. సూది పైకొసకు ఒకపక్క ఉండే చదును కుడికి ఉండాల్సింది ఎడమకు పోయింది. తప్పు తనది, తిట్లు చెల్లెలికి. టేపక్కకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఏమండీ, ఫ్యాన్ ఆపండి. వీడియో మళ్లీ తీద్దాం."

"మళ్లీనా? పోయినసారి సగం మా అక్క మీద చాడీలే కదా!" అన్నాడు భర్త.

"ఈసారి మీ అక్క ఊసే ఎత్తను."

కాగితం మీద గీయకుండా గుడ్డకు కత్తెర పెట్టని మనిషి, వీడియోకు మాత్రం తోచిందల్లా వాగేసింది. ఈసారి నమూనాలు గీసే కాగితం పరిచి, ఏం చూపించాలో వరసగా రాసుకుంది. కనబడీ కనబడని తెల్లదారం తీసేసి ఎర్రదారం పెట్టింది. కుట్టేవాళ్ల కళ్లకు కనిపించినట్టే కనబడాలని, భర్తను స్టూలెక్కించి, వెనక కెమెరాతో తన భుజం మీదుగా తీయమంది. ఆయన చెయ్యి వణికింది. హ్యాంగరు వంచి పై అరకు కట్టి, ఫోను అందులో ఇరికించింది. ఒకసారి తల అడ్డమొచ్చింది. ఒకసారి బయట హారన్లు. ఇంకోసారి సరిగ్గా దారం ఎక్కించేటప్పుడు భర్త తుమ్మాడు.

"మళ్లీ మొదట్నుంచి!" అంది టేపక్క.

పదకొండోసారికి కుదిరింది. పాతది తీసేసి కొత్తది పెట్టింది. అందులో మొదటి మాటే ఇది: "పోయినసారి తప్పు నాది. దారం తెగినవాళ్లు నన్ను తిట్టుకోండి, మీ చేతుల్ని కాదు."

శనివారమంతా చెల్లెలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు, మిషను చప్పుడు. పది కుట్లు, ఇరవై, యాభై. టేపక్క ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. చప్పుడు ఠక్కున ఆగింది.

"తెగిందా అమ్మా?"

"లేదక్కా, కాలరు మూల తిప్పుతున్నా. నన్ను మాట్లాడించకు."