ప్రేమలీల టీచర్ విజిల్

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ప్రేమలీల విషయంలో ఆ మాట తక్కువే. పెళ్ళి చేసుకోలేదు. నాంపల్లి స్టేషన్ వెనక మా ఇంట్లో మేడమీద గది ఆమెది, కింది వాటా మాది, పెత్తనమంతా ఆమెదే.

హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు వింగ్ ఫాయిల్ నేర్పుతుంది. కాళ్ళ కింద పలక, చేతుల్లో గాలి నింపిన గుడ్డ రెక్క. గాలి అందితే పలక మూరెడు పైకి లేస్తుంది, అడుగున కత్తిలాంటి రేకు ఒక్కటే నీళ్ళలో ఉంటుంది. పడేటప్పుడు రెక్క పట్టుకుని వేలాడితే అది మనిషిని లాక్కొచ్చి ఆ రేకు మీదే పడేస్తుంది. ప్రేమలీల పిక్క మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. అందుకే ఆమె మొదటి పాఠం ఒకటే. విజిల్ మోగితే రెక్క వదిలెయ్యాలి, ఎందుకని అడగకూడదు.

ఈ పాఠం చెప్పేది మా డాబా మీద. పిల్లలు రెక్కలు ఎత్తి పట్టుకుని నిలబడతారు, ఆమె తనకు తోచినప్పుడు ఊదుతుంది. ఆలస్యంగా వదిలినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఎండలో అలాగే నిలబడాలి. ఏడిస్తే మొహాన చెంబుడు నీళ్ళు. బాగా చేసినవాళ్ళకు మాత్రం ఏమీ ఉండదు. శభాష్ అన్న మాట ఆ నోట నేనెన్నడూ వినలేదు.

వైశాలి అందరిలోకీ గట్టి పిల్ల. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం రామచందర్ కూతురు. ఒకసారి స్టేషన్ రోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు విజిల్ వేశాడు. ఈ పిల్ల చేతిలోని టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసింది. పప్పంతా రోడ్డు పాలు. మేం పడీపడీ నవ్వాం, తనూ నవ్వింది.

చెన్నైలో పెద్ద శిక్షణకు మన దగ్గర్నుంచి ఒక్కరినే, అదీ పోటీ పెట్టి గెలిచినవాళ్ళనే, తీసుకుంటామన్నారు. ఆ పోటీ రోజు నేను ఇడ్లీలు కట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. నీళ్ళలోకి దిగబోతూ వైశాలి వెనక్కి తిరిగింది.

"టీచర్, గెలిస్తే ఇగ చెన్నై సారే నేర్పుతడంట. గాడ విజిల్ ఉండదంట!"

ప్రేమలీల నవ్వలేదు.

చివరి మలుపు మా గట్టు పక్కనే. వైశాలి ముందుంది, రెండో పిల్ల ఎక్కడో వెనక ఉంది. నేను లేచి చప్పట్లు కొడుతున్నాను. నా చెవి పక్కనే విజిల్ మోగింది.

వైశాలి రెక్క వదిలేసింది. పలక నీళ్ళలో కూలబడింది. తను తేలి, మళ్ళీ పలకెక్కి, రెక్క అందుకునేలోగా రెండో పిల్ల దాటిపోయింది.

"ఏందిది ప్రేమలీలా?" అన్నాను.

"పెద్ద గాలి వస్తుండె వదినె. రేకు మీద పడుతుండె."

గట్టు మీది జెండా ఎప్పటిలాగే మెల్లగా ఊగుతోంది. నేనూ ఏళ్ళ తరబడి ఆ డాబా మీద బట్టలారేసినదాన్నే, గాలి సంగతి నాకూ కొంత తెలుసు.

రామచందర్ వచ్చి ఆమెకు దణ్ణం పెట్టాడు. "పోటీ పోతే పోనీ మేడం. మీరుండంగ నా బిడ్డ పానానికి ఫికర్ లేదు."

ఆమె నిమ్మకు నీరెత్తినట్టు తలూపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగేశాను.

"గాలి లేకుండె. నేను చూసిన."

"లేకుండె," అంది చెప్పులు విడుస్తూ. "నేర్పింది నేను. ఇంకెవనికో ఇచ్చి పంపనీకా?"

మర్నాడు పొద్దున వైశాలి డాబా ఎక్కింది. రెక్క తీసుకుని, వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకుని ప్రేమలీల ఎదుట నిలబడింది.

"ఊదుండ్రి టీచర్. గీసారి ఇడువ."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. వదలకు తల్లీ, వదలకు అని ప్రభువును వేడుకున్నాను.

ప్రేమలీల ఊదింది.

వేళ్ళు విడిపోయాయి. రెక్క జారి పిట్టగోడ దాకా పోయింది. వైశాలి తన చేతులకేసి చూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"శభాష్," అంది ప్రేమలీల.