కొట్టు మార్చని మేడం

మా మేడం పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం తూంకుంట నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఇక లేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేకపోయాను. అల్వాల్‌లో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఆమె మాకు రాజనీతి శాస్త్రం చెప్పారు. ఇప్పుడు నేను మేడ్చల్‌లో అదే పాఠం చెబుతున్నాను. ఆమె గురించి ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

ఆమెది గోదావరి వైపు. భర్త ఉద్యోగం వల్ల ఇటొచ్చి తూంకుంటలో ఇల్లు కట్టుకున్నారు. మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పడతాడు. మొదటి వారం ఆమె "ఏవండీ, వినండీ" అంటుంటే మేం ముసిముసిగా నవ్వుకున్నాం. "నవ్వండి నవ్వండి, పరీక్షల్లో మార్కులు వేసేది ఈ గోదావరి చెయ్యే" అని ఆమే నవ్వారు. క్లాసులో ఎవరైనా "మన దేశం ఇలా అనుకుంటోంది" అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "దేశం అనుకోదమ్మా. దేశంలో ఎవరో అనుకుంటారు. ఎవరో చెప్పు" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నతో మా గొంతులు సగం తగ్గేవి.

కాలేజీ పక్క కూరగాయల కొట్టాయనతో రోజూ తగువే. తూకం తగ్గిందంటారు, మళ్ళీ తూయిస్తారు, మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్తారు. వేరే కొట్టుకు పోవచ్చు కదా అంటే, "నేను పోతే ఆయన్ను అడిగేవాళ్ళుండరు. కొట్టు మార్చను, తూకం మార్పిస్తాను" అనేవారు. ఆమె విదేశాంగ విధానం మొత్తం ఆ మాటలో ఉందని మాకు తర్వాత అర్థమైంది.

ఆమె పాఠం చెప్పే పద్ధతి వేరు. ఒక సమస్య ఇచ్చి, ఎవరికి ఏ పక్షం నష్టమో ఆ పక్షాన్నే వాళ్ళ చేత వాదింపజేసేవారు. మాకు ఒళ్ళు మండేది.

మేం ఆఖరి సంవత్సరంలో ఉండగా ఆ పద్ధతి నా నెత్తికే వచ్చింది. మా కాలేజీకి ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉండేది. ఏటా కొంతమంది వెళ్ళి ఒక సెమిస్టరు చదువుకుని వచ్చేవారు. ఆ ఏడు నన్ను ఎంపిక చేశారు. మా ఇంటా వంటా పాస్‌పోర్టు లేదు. నాది రాగానే నాయిన దాన్ని వాడంతా తిప్పి చూపించాడు.

మా క్లాసులోనే ఆ విశ్వవిద్యాలయం ఉన్న దేశపు అమ్మాయి ఒకతె ఉండేది. అక్కడి సర్కారు తప్పులు రాసినందుకు వాళ్ళన్నను పట్టుకుపోయారు. బతికున్నాడో లేదో కూడా చెప్పడం లేదు. కాలేజీ సదస్సులో దాని గురించి మాట్లాడతానని ఆ పిల్ల అడిగింది. సదస్సుకు ముఖ్య అతిథి ఆ దేశపు దౌత్య అధికారే! ఆ దేశం మనకు దగ్గరి స్నేహితురాలు. చమురుకూ, సముద్ర దారులకూ ఆ స్నేహం మనకు నిజంగానే అవసరం. ప్రిన్సిపాల్ బెంబేలెత్తిపోయారు. "ఎందుకొచ్చిన గొడవ మేడం, ఆ అమ్మాయిని ఆపండి. మన పిల్లల సీట్లు పోతాయి" అన్నారు.

నేనూ దాచుకోలేదు. "మేడం, గా పిల్ల మాట్లాడితే నా సీటు పోతది" అన్నాను.

"పోవచ్చమ్మా. పోదని నీకు అబద్ధం చెప్పను" అన్నారు.

మర్నాడు మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఆ పిల్ల తరఫున నేను వాదించాలి. రెండు దేశాల స్నేహం తరఫున ఆ పిల్ల వాదించాలి. హాస్టల్లో మా దగ్గర నేర్చిన తెలుగులో ఆమె మొదలుపెట్టింది: "దోస్తీ తెంపొద్దు. దుష్మన్ అడిగితే మా సర్కార్ ఇనదు. దోస్త్ అడిగితే జర ఇంటది. దోస్తీ పోతే మా అన్న కోసం అడిగేటోళ్ళు ఎవరున్నరు?"

నా వంతు వచ్చింది. నేనన్నాను, "మన ఇంట్ల కూసున్న పిల్లనే మాట్లాడనియ్యకపోతే, నేను గా దేశం పోయి ఏం నేర్సుకుంట?" నా నోటి నుంచి వచ్చిన మాటకు నేనే ఉలిక్కిపడ్డాను.

"ఇద్దరూ కలిసి దారి చెప్పేశారు" అన్నారు మేడం. ఆ సాయంత్రమే అధికారికి ఫోన్ చేశారు. "మా విద్యార్థిని వాళ్ళన్న గురించి అడుగుతుందండీ. మీ వెనక మాట్లాడటం మాకిష్టం లేదు. మీరు రండి, విని, మీ మాట కూడా చెప్పండి." పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ తల పట్టుకున్నారు.

ఆయన వచ్చాడు. ఆ పిల్ల తన దేశాన్ని ఒక్క మాట అనలేదు. అన్న పేరు చెప్పింది, అతను ఇంట్లో వంట చేస్తూ ఎలా ఈల వేసేవాడో చెప్పింది, బతికున్నాడా అని అడిగింది. అధికారి లేచి, ఇక్కడ తానేమీ చెప్పలేనని కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె దగ్గర ఆగి, అన్న పూర్తి పేరు మళ్ళీ అడిగాడు.

ఆ ఏడు సీట్లు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. మేడం బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. "మీ అమ్మాయి సీటు పోవడానికి నేనే కారణమండీ. ఆ మాట నా నోటితోనే చెప్పాలని వచ్చాను" అన్నారు.

నాయిన చేతిలో వల పక్కన పెట్టాడు. తర్వాత, "కడుపుల మంటగనే ఉన్నది మేడం, లేదని ఎట్లంట? గని గా పిల్ల అన్న సంగతి తెలిస్తే జర మాక్కూడ చెప్పుండ్రి. ఇగ కూసోండ్రి, చాయ్ తాగి పోదురు" అన్నాడు. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నాకు ఆమె మీద పీకల దాకా కోపం. చాలా రోజులు ముఖం చూడలేదు.

వానాకాలం పోయాక ఆమె మళ్ళీ వచ్చారు. ఆ పిల్ల అన్న బతికే ఉన్నాడనీ, తల్లిని జైల్లో కలవనిచ్చారనీ చెప్పారు. నాయిన లేచి నిలబడ్డాడు, ఏమనాలో తోచక రెండు బొచ్చె చేపలు సంచిలో పెట్టి, తింటారో తినరోనని నసిగాడు. "గోదావరి వాళ్ళకు చేపలిస్తూ మొహమాటమేంటండీ!" అన్నారు మేడం. ఆ రోజే నా కోపం కరిగింది.

మరుసటి ఏడు సీట్లు మళ్ళీ తెరిచారు. మా జూనియర్లు వెళ్ళారు. నా చదువు అప్పటికే అయిపోయింది కనక నా ఛాన్స్ మాత్రం పోయింది, అది ఇప్పటికీ కలుక్కుమంటూనే ఉంటుంది. అధికారి అడగడం వల్లే కబురొచ్చిందా, వేరే కారణమా, మాకు తెలియదు. మేడం కూడా గొప్పలకు పోలేదు. "అడిగాం. అడిగినందుకు స్నేహం చచ్చిపోలేదు. మనకు తెలిసింది అంతే" అనేవారు.

మేడం పెద్దకర్మకు, నాతో చదివిన ఆ విదేశీ అమ్మాయి బెంగళూరు నుంచి తూంకుంట వచ్చింది, అక్కడే ఉద్యోగం. వాళ్ళన్నను ఈ మధ్యే వదిలారు, కాని ఊరు దాటనివ్వరు. భోజనాలయ్యాక అతనికి వీడియో కాల్ చేసింది. జుట్టు నెరిసిన, బక్కపలచని మనిషి. మేడం ఫోటోకు నమస్కారం పెట్టి, ఆమె రోజూ నడిచిన దారి చూపించమని అడిగాడు. ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊళ్ళోంచి పోయే కరీంనగర్ రోడ్డు మీదికి వచ్చాం. సాయంత్రపు రద్దీ. బస్సులు, లారీలు, బండి మీద ముగ్గురేసి పిల్లలు. అతను చూస్తూనే ఉన్నాడు. నా చెయ్యి నొప్పి పెట్టింది, దించలేదు. చివరికి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు.

"ఏందట?" అన్నాను.

"గీళ్ళంత ఎటు పోతున్నరని అడుగుతుండు" అని ఆమె కళ్ళు తుడుచుకుని, ఫోన్ వైపు తిరిగి అతనికి జవాబు చెప్పింది. ఆ జవాబు నాకు తెలుగులో మళ్ళీ చెప్పింది: "ఇండ్లకు."

అతను నవ్వాడు. రోడ్డు మీద దీపాలు వెలిగేదాకా అలాగే చూశాడు.