ఆ బెడ్ నాకివ్వండి

"...అంత కక్ష పెట్టుకున్నదాన్ని ఆవిడ దగ్గరికెలా పంపనమ్మా?" అంటోంది ఇన్‌ఛార్జి సిస్టర్.

"కక్ష ఉంది కాబట్టే అడుగుతున్నానక్కా. నాకంటే బాగా ఎవరు చూస్తారు?" అంది గడియారం సిస్టర్.

ఐసీయూలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పుతుంది, మడమల కింద దిండు సర్దుతుంది, దుప్పటి ముడతల్ని అరచేత్తో సాపు చేస్తుంది. నిరుడు వేరే డ్యూటీవాళ్లు పక్కకు తిప్పకపోవడం వల్ల ఒక రోగికి నడుము దగ్గర పుండు పడితే, మేట్రన్ విచారించకుండానే స్టాఫందరి ముందూ "నువ్వు నర్సువా, కసాయిదానివా?" అని ఈమెను కడిగేసింది. ఆ మేట్రనే ఇప్పుడు నిమోనియాతో వెంటిలేటర్ మీద ఉంది. ఆ బెడ్ అడిగి తీసుకున్న గడియారం సిస్టర్ పన్నెండు రోజులు పంటిబిగువున చాకిరీ చేసింది. గొట్టం తీసిన మర్నాడు మేట్రన్ చెయ్యి పట్టుకుని, ఆవిడ నడుము మీదే పెట్టింది.

"తడిమి చూసుకోండి మేడం. ఎక్కడైనా పుండుందా?"

మేట్రన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పు నాదే... క్షమించమ్మా" అంది బొంగురు గొంతుతో.

"నా చెవిలో చెబితే చాలదు మేడం. ఆ రోజు అందరి ముందూ అన్నారు. నడిచి స్టాఫ్ రూముకొచ్చి అందరి ముందూ చెప్పాలి. అప్పటిదాకా మిమ్మల్ని వదిలేది లేదు, సెలవు కూడా పెట్టను."