కప్పిపెట్టిన నిప్పు

నా చిన్నప్పుడు మా వాడ మొత్తానికీ నిప్పు మా ఇంటి నుంచే వెళ్లేది. సూర్యాపేట నుంచి తిరుమలగిరి పోయే బాటలో ఉండేది మా ఊరు. పెద్ద యుద్ధం అయిపోయినా అగ్గిపెట్టెలకు ఇంకా కరువే. అందుకని సాయంత్రం వంట కాగానే పొయ్యిలోని పిడక నిప్పుల మీద బూడిద కప్పి పెట్టేవాళ్లం. తెల్లవారి బూడిద కదిపితే నిప్పు ఎర్రగా కనిపించేది. చుట్టుపక్కల ఆడవాళ్లు తలా ఒక పిడక పట్టుకొని వచ్చి, అంటించుకొని పోయేవాళ్లు. మాది పొయ్యి ఆరని ఇల్లని మా అమ్మకు ఎంత గొప్పో!

ఆ గొప్పను మట్టిలో కలిపింది నేనే.

అవి ఊళ్ల మీద దాడులు జరుగుతున్న గడబిడ రోజులు. పక్క ఊళ్లో ఇళ్లు తగలబడ్డాయని పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటుంటే విన్నాను. మాది గడ్డి కప్పు. పొయ్యిలో నిప్పు కప్పే పని నాది. ఇక చూడండి, నిప్పు సరిగా కప్పానో లేదో, రవ్వ ఎగిరి కప్పు అంటుకుంటుందేమో, అమ్మా నాయినా తమ్ముడూ నా వల్లే కాలిపోతారేమో అని ఒకటే గుబులు. వెళ్లి చూసేదాన్ని. బూడిద కప్పే ఉండేది. గడప దాటగానే, నిజంగా చూశానా అని మళ్లీ మొదలు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అది ఉత్త భయమని నాకూ తెలుసు. తెలిసినా కాళ్లు ఆగేవి కావు. చివరికి విసిగిపోయి చెంబెడు నీళ్లు గుమ్మరించేదాన్ని. సుయ్‌మని నిప్పు ఆరిపోతే, అబ్బ, అప్పటికి ప్రాణం లేచొచ్చేది.

పొద్దున్నే పిడకతో వచ్చిన పక్కింటి అక్క తడి బూడిద చూసి ముక్కున వేలేసుకుంది. పొయ్యి మాటిమాటికీ ఆరిపోతుంటే వాడంతా గుప్పుమంది, పిల్లకు గాలి సోకిందని. అమ్మ ఏడ్చింది. నాయిన నన్ను కొట్టలేదు గానీ అంతకంటే పెద్ద మాటే అన్నాడు.

"అమాస నాడు మంత్రగాని తానికి తీస్కపోత. వాతలు పెడితే అన్నీ దిగుతయి."

నిప్పంటే హడలిచచ్చే పిల్లకు కాల్చిన ఇనుముతో వైద్యమట!

అప్పుడు అడ్డుపడింది మా మేనత్త. నాయినకు అక్క. అత్తగారింటివాళ్లు పంపించేస్తే వచ్చి మా దగ్గరే ఉండేది. తోమిన గిన్నెలే తోముతుందని, కడిగిన చేతులే కడుగుతుందని ఊరంతా ఆమెను చూసి నవ్వేది. చెప్పొద్దూ, పిల్లలం మేమూ నవ్వేవాళ్లం.

"తమ్మీ, అమాస దాకా పిల్లను నాకిడువు" అన్నది.

"గప్పటిదాకనే. అప్పటికీ పొయ్యి ఆరుతుంటే బండి కడత" అన్నాడు నాయిన.

ఆ సాయంత్రం అత్త నాతో నిప్పు కప్పించింది. ఆ తర్వాత వాకిట్లోకి తీసుకొచ్చి చింతపండు కుప్ప ముందు కూర్చోబెట్టింది. ఇద్దరం గింజలు తీయాలి. కాసేపటికే నాకు లోపల మొదలైంది.

"అత్తా, ఒక్కపారి సూసొస్త."

"వద్దు బిడ్డా."

"పోనీ ఇల్లు కాలదని చెప్పు. కూసుంట."

"చెప్ప. ఇయ్యాల చెప్తే రేపు మళ్ల అడుగుతవ్. పిల్లికి ఒక్కపారి పాలు పోస్తే రోజూ వాకిట్లనే ఉంటది."

ఎంత కోపమొచ్చిందో! ఒక్క మాట అంటే ముత్యాలు రాలతాయా అనుకున్నాను. ఏడ్చాను. తీసిన గింజలు నేలపాలు చేశాను. ఆమె బుజ్జగించలేదు, నన్ను వదిలి లేచిపోనూ లేదు. పక్కనే కూర్చొని గింజలు తీస్తూ ఉంది. చాలాసేపటికి గుండెదడ దానంతటదే తగ్గింది. పోలేదు, తగ్గింది. మర్నాడూ అదే పని, ఆ మర్నాడూ అదే.

ఒకరోజు ఆమె కన్నుగప్పి లోపలికి పరుగెత్తి నీళ్లు పోసేశాను. ఇక తిట్లు తప్పవనుకున్నాను. అత్త పొద్దున్నే నా చేతికి పిడక ఇచ్చి, "పా, ఇయ్యాల మనమే అడుక్కుందం" అన్నది. మా పొయ్యి మీద నమ్మకం పోయి పక్కింటి అక్క అప్పటికే తన ఇంట్లో నిప్పు కప్పుకుంటోంది. "ఓయమ్మో, నిప్పిచ్చేటోళ్లే నిప్పుకొచ్చిన్రా!" అని పగలబడి నవ్వింది. అత్తా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, చివరికి నాకూ నవ్వొచ్చింది.

అమావాస్య ముందటి సాయంత్రం గింజలు తీస్తూ అడిగాను, "అత్తా, వాతలు పెడితే నిజంగ పోతదా?"

ఆమె రెండు ముంజేతులూ ముందుకు చాపింది. నల్లటి మచ్చలు.

"మా అత్తగారింట్ల పెట్టిచ్చిన్రు. వాతలు మానినయి. అనుమానం మానలే."

"మరి ఎట్లుంటున్నవ్?"

"వస్తది, రానీ. వచ్చినోళ్లందరికీ పీట ఎయ్యాల్నా? ఇగో, ఇప్పుడూ వస్తున్నది. చేతులు కడుగు, కడుగు అంటున్నది."

అప్పుడు చూశాను ఆమె వేళ్లు. చింతపండు జిగురు అట్టకట్టి ఉంది. పక్కనే చెంబు నిండా నీళ్లు. ఊరంతా నవ్వేంతగా చేతులు కడిగే మనిషి, ఇన్ని సాయంత్రాలూ ఆ జిగురు చేతులతోనే నా పక్కన కూర్చుంది. పనులన్నీ ఉండగా చింతపండే ఎందుకు పెట్టుకుందో అప్పుడు అర్థమైంది. నేను ఆమె భుజానికి ఆనుకొని కూర్చున్నాను. ఆ రోజు లోపలికి వెళ్లి చూస్తానని అడగలేదు.

తెల్లవారింది. ఎందుకైనా మంచిదని నాయిన ముందే బండి కట్టాడు. పక్కింటి అక్క, తన ఇంట్లో నిప్పున్నా, ప్రేమో ఆరాటమో, పిడక పట్టుకొని వచ్చి నిలబడింది. బూడిద కదిపాను. కింద నిప్పు ఎర్రగా ఉంది. పిడక అంటించి ఇచ్చాను. నాయిన పొయ్యి వైపు చూశాడు, వాళ్లక్క వైపు చూశాడు, వెళ్లి ఎద్దులను విప్పాడు.

అది నన్ను పూర్తిగా వదిలిందని చెబితే అబద్ధం. ఇప్పుడు గ్యాసు పొయ్యి కట్టేసి గది దాటగానే వెనక్కి లాగుతుంది. లాగనీ అని వాకిట్లోకి వచ్చి కూర్చుంటాను. మా మనవరాలికీ తలుపు గొళ్లెం మీద ఇదే తంటా. దవాఖానలో దాన్ని ఓసీడీ అంటారని చెప్పి, మందులిచ్చారు. గొళ్లెం మళ్లీ చూడకుండా ఓర్చుకోవడం కూడా నేర్పుతున్నారు. అది విని నేను నవ్వితే ఆ పిల్లకు కోపమొచ్చింది. అప్పుడు చెప్పాను మా అత్త సంగతి.

నా చేతుల మీద ఒక్క వాత మచ్చ లేదు. వాటిని చూసుకున్నప్పుడల్లా చింతపండు జిగురంటిన మా అత్త చేతులు గుర్తొస్తాయి.