కొమురయ్య ఫారంలో రాయని మాట

1977లో నేను హనుమకొండలో, మాజీ సైనికుల వ్యవహారాలు చూసే జిల్లా కార్యాలయంలో గుమాస్తాను. రెండు గదుల పెంకుటిల్లు, ఒక టైపు మిషను, ముగ్గురం ఉద్యోగులం. పింఛను దరఖాస్తులు నింపి పైకి పంపడం నా పని.

ఆ ఎండాకాలం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి కొమురయ్య వచ్చాడు. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. వెంట తల్లి మల్లమ్మ. డెబ్బై ఒకటి యుద్ధంలో అతనున్న బంకరు మీద షెల్లు పడి, పైకప్పు దుంగ తలకు తగిలింది. ఏడాది తిరగకముందే మూర్ఛలు మొదలయ్యాయి. సైన్యం ఇంటికి పంపేసింది. డిజెబిలిటీ పెన్షన్ రావాలంటే జబ్బు "అట్రిబ్యూటబుల్" అని, అంటే ఉద్యోగం వల్లే వచ్చిందని మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. తలకు దెబ్బ తగిలినట్టు కాగితం లేదని బోర్డు ఒప్పుకోలేదు.

"మూడు దినాలు టెంట్ల పండుకున్న సారూ. కట్టు కట్టిండ్రు. మల్ల డ్యూటీల చేరిన. గప్పుడు కాగితమియ్యమని అడుగుతరా ఎవలన్న?" అన్నాడు కొమురయ్య.

అప్పీలుకు సాక్షి కావాలి. నెలల తరబడి ఉత్తరాలు రాశాను. చివరికి అతని యూనిట్‌లోనే పనిచేసినతను కాజీపేటలో రైల్వే గేట్‌మన్‌గా ఉన్నాడని తెలిసి సైకిల్ మీద వెళ్లాను.

"ఆ దుంగ లేపిందే నేను. చెవులకెల్లి నెత్తురు కారింది" అంటూ అతను అఫిడవిట్ మీద సంతకం చేశాడు. ఇక గెలిచినట్టే అనుకున్నాను.

మిగిలింది ఫారం. సైన్యంలో చేరకముందు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని అందులో ఒక ప్రశ్న. లేదన్నాడు కొమురయ్య. సర్కారు కాగితంలో ఏదీ దాచకూడదనుకుందేమో, మల్లమ్మ అందుకుంది.

"ఒక్కపాలి వచ్చింది గద బిడ్డా. మూడేండ్లప్పుడు జరమొచ్చి కాళ్లు చేతులు కొట్టుకున్నవు. నీకేం యాదుంటది!"

పసిపిల్లలకు తీవ్రమైన జ్వరంలో అలా రావడం మామూలేనని నాకు తెలుసు. మా ఇంట్లోనే చూశాను. గడి చిన్నది. "మూడేళ్ల వయసులో ఒకసారి (తల్లి మాట)" అని రాశాను. జ్వరమన్న మాటకు చోటు చాలలేదు. ఇంకో కాగితం జతచేయాలని తట్టలేదు.

ఏడాది దాటాక జవాబొచ్చింది. దరఖాస్తుదారుకు బాల్యం నుంచే మూర్ఛ ఉందని తల్లే చెప్పింది కాబట్టి, జబ్బుకు సైనిక ఉద్యోగంతో సంబంధం లేదట. గేట్‌మన్ సాక్ష్యం గురించి ఒక్క ముక్క లేదు. ఆ రోజు కొమురయ్య ఒక్కడే వచ్చాడు. చదివి వినిపించాను.

"గీ ముచ్చట మా అవ్వకు చెప్పకుండ్రి సారూ. బతకది" అన్నాడు.

జ్వరం సంగతి వివరంగా రాసి మళ్లీ పంపాను. మొదట చెప్పని విషయం తర్వాత చేర్చితే చెల్లదని రెండు వరుసల్లో తిప్పి పంపారు.

1981 వానాకాలంలో మల్లమ్మ ఒంటరిగా వచ్చింది. బల్ల ముందు నేల మీదే కూలబడింది.

"నారు పీక్తాంటె మూర్ఛ వచ్చి బోర్ల పడ్డడు సారూ. పక్కన ఎవ్వలు లేరు. నేను సద్ది పట్టుకపోయేసరికి అయిపోయిండు. జానెడు నీళ్లు సారూ, జానెడు."

తర్వాత అడిగింది.

"పించనెందుకియ్యలే? వాడు సచ్చేదాక చెప్పకపాయె. మేమేమన్న తప్పు చెప్పినమా?"

"లేదమ్మా. పాత కాగితాలు దొరకలేదు. అంతే."

"గంతేనా" అని కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, సైన్యంలో చేరకముందు జబ్బుల గురించిన ఆ ప్రశ్నకు జవాబు రాసేముందు దాన్ని పైవాళ్లు ఎలా చదువుతారో దరఖాస్తుదారుకు విడమరిచి చెప్పేవాణ్ని. చెప్పింది రాస్తే నా పని అయిపోదని ఆ కేసు నేర్పింది. నేర్చుకోవడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది. మల్లమ్మకు అబద్ధం చెప్పింది ఆమె కొడుకు కోరాడనే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. తప్పు ఆమె నోటిది కాదు, నా కలానిదని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు.