మా మేనత్త నింపిన పీచు దిండు

మా మేనత్త ఈ కార్తీకంలో పోయింది. ఆ పొద్దున్న కాఫీ తాగి, మా చెల్లెలి పాపని కుడి పక్క నుంచి ఎడమ పక్కకి తిప్పి, వీపు వెనక దుప్పటి చుట్ట సర్ది, కాస్త నడుం వాలుస్తానంది. నేను పూజ ముగించి హారతి తీసుకెళ్తే లేవలేదు. నిద్రలోనే పోయారని డాక్టరుగారు చెప్పారు. పుణ్యాత్మురాలని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నేను కాదనను. కానీ మా అత్త పుణ్యం కంటే పగని ఎక్కువ శ్రద్ధగా చూసుకున్న మనిషి. ఆ సంగతి దాచిపెట్టి ఆమె గురించి రాయలేను.

కొత్తపేటలో అత్త ఇల్లు. ఆమెకి పిల్లలు లేరు. మావయ్య పోయాక తోడుగా వచ్చి నేను అక్కడే ఉండిపోయాను. మా ఆఖరి చెల్లెల్ని రాజోలు వైపు ఇచ్చాం. మరిది గల్ఫులో పని చేస్తాడు. వాళ్ళ పాప పుట్టగానే ఏడవలేదు. ఏడాది దాటినా మెడ నిలబడలేదు, నడుం నిలబడలేదు, చేతులు బిగుసుకుపోయేవి. మనిషి గొంతు వినపడితే మాత్రం కళ్ళు వెతుక్కునేవి.

పాపకి రెండో ఏడు నడుస్తుండగా చెల్లెలి ఆడపడుచుగారు తన కూతురి పెళ్ళిచూపులు పుట్టింట్లో, అంటే చెల్లెలి అత్తవారింట్లో పెట్టుకున్నారు. మలికిపురం కొబ్బరి వ్యాపారుల సంబంధం. వాళ్ళ కారు వీధిలోకి తిరగ్గానే ఆవిడ పాపని తీసుకెళ్ళి వెనక గదిలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, బయట గడియ పెట్టారు. "ఇదేదో మా రక్తంలోనే ఉందనుకుంటారు. కాసేపు ఓర్చుకో," అని చెల్లెలి చేతికి టిఫిన్ల పళ్ళెం ఇచ్చారు.

వాళ్ళు వెళ్ళాక చెల్లెలు తలుపు తీస్తే పాప కక్కుకుని ఉంది. వెల్లకిలా ఉండడం వల్ల కక్కింది గొంతుకి అడ్డం పడింది. మొహం నీలంగా అయిపోయిందిట. ఆ పూట ఎలాగో బతికింది. సంబంధం కుదిరింది. ఆడపడుచుగారు స్వీట్లు పంచారు.

మర్నాడు చెల్లెలు పాపని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చేసింది. అత్త అంతా వింది.

"ఆ మహాతల్లి వచ్చి, పదిమందిలో, దీని ముందు వంగాలి," అంది.

"వదిలెయ్యత్తా," అంది చెల్లెలు.

"నీకు కాపురం ఉంది, నువ్వు వదిలెయ్. నాకేం ఉంది?"

దేవుడికి వదిలేద్దామన్నాను నేను. "ఆయనకి బోల్డు పనులుంటాయే పెద్దమ్మాయ్. ఇది నేను చూసుకుంటాను," అంది.

అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పాపని తీసుకెళ్ళాం. ఊరికే పడుకోబెట్టకూడదు, ఆడుకునేలా పడుకోబెట్టాలి అని ఆ అమ్మాయి చెప్పింది. పక్కకి తిప్పి, వీపు వెనక దుప్పటి చుట్ట ఆన్చి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెడితే చేతులు రెండూ గుండె ముందుకి వస్తాయి. కాసేపు బోర్లా, గుండె కింద గుండ్రటి దిండు పెట్టి, పక్కన మనిషి కూర్చుని. ఏదైనా కొంతసేపే, మళ్ళీ మార్చాలి.

ఆ గుండ్రటి దిండు అత్త తనే కుట్టింది. బూరుగు దూది తెప్పించి కూరింది. ఇంటికి వచ్చి చూసిన ఫిజియో అమ్మాయి నవ్వు ఆపుకుంది.

"ఇంత మెత్తగా కుట్టేరేంటి అమ్మమ్మగారూ?"

"నా పెళ్ళికి కూడా ఇంత మంచి దూది పెట్టలేదు మా వాళ్ళు."

"అందుకేనండి పాప అందులో మునిగిపోతోంది. ముద్దుకి మెత్తగా ఉండాలి గానీ, ఆనుకోడానికి గట్టిగా ఉండాలండి."

అత్త ఆ సాయంత్రమే దిండు విప్పేసింది. పెరట్లో కొబ్బరి డొక్కలు నానబెట్టి, కర్ర పట్టుకుని కొట్టి పీచు తీయడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకి ఒక మాట. "ఇది ఆడపడుచుకి. ఇది గడియకి. ఇది ఆ కొబ్బరి సంబంధానికి."

"వాళ్ళేం చేసేరత్తా? పాప ఉన్న సంగతే వాళ్ళకి తెలీదుగా," అన్నాను.

"అడ్డు రాకే. చెయ్యి ఊపులో ఉంది."

ఆరబెట్టిన పీచుతో నింపిన ఆ దిండు మీద పాప మొదట ముక్కు నేలకి ఆన్చి ఏడ్చింది. అత్త ఎదురుగా తనూ బోర్లా పడుకుని, పాప కళ్ళకి కాస్త దిగువగా గిలక్కాయ ఆడించేది. పాప తల ఎత్తేసరికి వానాకాలం వచ్చింది. ఆ రోజు అత్త చెల్లెలి చేత వీడియో తీయించి ఆడపడుచుగారికి పంపించింది. కింద ఒక్క అక్షరం రాయనివ్వలేదు. "చూడనీ," అంది. పాప కొత్త పని నేర్చినప్పుడల్లా ఒక వీడియో వెళ్ళేది. చూసినట్టు నీలం టిక్కులు పడేవి. జవాబు వచ్చేది కాదు. అత్త ఆ నీలం టిక్కుల్ని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసుకునేది.

కూర్చోబెట్టడానికి రెండు గోడలు కలిసే మూల కావాలంది ఫిజియో అమ్మాయి. మా ఇంట్లో తలుపూ కిటికీ అడ్డు లేని మూల ఒక్కటే, నా పూజ మూల. అత్త అడగడానికి మొహమాటపడింది. నేనే దేవుడి పీటని పక్క గోడకి మార్చాను. ఆయనేం అనలేదు. అక్కడ పాప వీపు గోడలకి ఆనేది. చిన్న పీట మీద కూర్చోబెట్టి, నడుం దగ్గర మెత్తటి పట్టీ కట్టి, పాదాలు నేలకి ఆనించి, ముందు ఇంకో పీట వేసేవాళ్ళం, ఆడుకోడానికి.

అత్తకి ఒక నియమం ఉండేది. పాపతో మాట్లాడేవాళ్ళు ఎవరైనా కింద కూర్చోవాలి. పైనుంచి పలకరిస్తే పాప తల వెనక్కి విరుచుకుంటుంది, ఒళ్ళంతా కర్రలా అయిపోతుంది. సర్పంచిగారు వచ్చినా అంతే. "కింద కూర్చోండి బాబూ, అక్కడ్నించి మీ మీసాలే కనపడతాయి దానికి," అంది. ఆయన గంజి బట్టలతో చతికిలబడి బండి తాళాలు ఆడించారు.

ఆడపడుచుగారు మాత్రం మా గడప తొక్కలేదు. కూతురి పెళ్ళయి పుట్టిన మనవడి పుట్టినరోజుకి ఫోన్ చేసి, హాల్లో ఏసీ ఉంది, పాపకి పడదేమో, నువ్వొక్కదానివే రా అని చెల్లెలికి చెప్పారు. అత్త ఫోన్ లాక్కుంది. "ఆయ్, పడదండి. మీ దగ్గర ఏదీ పడదు దానికి. మీరే రండి. మా ఇంట్లో ఫ్యానుంది, నేలుంది."

మీ ఇళ్ళలో ఇలాంటి పిల్లలుంటే ఒక్క మాట. ఏ పిల్లని ఎలా కూర్చోబెట్టాలో తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి. మిగతాది ఇంట్లోవాళ్ళ పని. వెల్లకిలా వదిలేసి తలుపు వేసుకోకండి. ఎవరైనా వేస్తే, మా అత్తలాగా మర్చిపోకండి.

పెద్దకర్మ నాడు ఆడపడుచుగారు వచ్చారు. హాలంతా జనం. పాప తన మూలలో, పీట ముందు కూర్చుని ఉంది. ఆవిడ ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాసేపు చూసి, నా వైపు వంగారు.

"ఇంతమందిలో నలిగిపోతుందేమో అక్కయ్యగారూ. లోపల పడుకోబెట్టకపోయేరా?"

"లోపల పడుకోదండి. ఇక్కడే ఉంటుంది."

పాప పీట మీది ఖాళీ స్టీలు గ్లాసుని మణికట్టుతో తోసింది. అది దొర్లుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అందరూ చూశారు. ఆవిడ తీసి, కుర్చీలోంచే చాపారు. పాప తల వెనక్కి విరిచింది.

"కిందికండి," అన్నాను. "ఇంకాస్త కిందికి."

ఆవిడ కుర్చీ దిగారు. మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు ఇచ్చారు. పాప రెండు చేతులతో అందుకుంది. ఆవిడ మొహం చూసింది. మళ్ళీ తోసేసింది.

"మీతో ఆడుకుంటోందండి," అన్నారెవరో. నవ్వులు వినిపించాయి. ఇంకోసారి ఇచ్చారు. ఇంకోసారి పడింది. చెల్లెలు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. జపం చేసుకునేటప్పుడు ఉన్నంత నెమ్మదిగా ఉంది నా మనసు.

ఈసారి గ్లాసు కుర్చీల కిందికి పోయింది. ఆడపడుచుగారు జరీ అంచు నేలకి రాసుకుంటూ, చెయ్యి చాపి, జనం కాళ్ళ మధ్య వెతుకుతున్నారు. పాప రెండు అరచేతులూ పీట మీద తెరిచి పెట్టుకుని, తల నిలబెట్టి, ఆ చేతినే చూస్తోంది.