నీలం డబ్బాలో ఓడ

సెబాస్టియన్ తన జీవితంలో కట్టినవన్నీ కూలిపోయాయి. కట్టడం చేతకాక కాదు, కూల్చడానికే కట్టించుకునేవాళ్ళు. ఇరవై, పాతికేళ్ళ కిందటి తెలుగు సినిమాల్లో వరదకు కొట్టుకుపోయిన వంతెనలు, బాంబు పెడితే పేలిపోయిన బంగళాలు, లోయలో పడ్డ బస్సులు కొన్నయినా మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు ఆయన చేతిపనే. వంతెన మూడడుగులుండేది, బస్సు జానెడు. నెల రోజులు కూర్చుని కిటికీ చువ్వలతో సహా చేస్తే ఒక్క షాట్‌లో బుగ్గయ్యేది. డైరెక్టరు చప్పట్లు కొట్టేవాడు, లైట్‌మెన్ టీకి వెళ్ళేవాళ్ళు, ఈయన బూడిదలో పనికొచ్చే మేకులు ఏరుకునేవాడు.

కృష్ణానగర్‌లో ఆయన వాటా కింద, నా వాటా పైన. నేను సినిమాలకు మాటలు రాస్తాను. తెర మీద పేరు వేరేవాళ్ళది పడుతుంది. అది నా సొంత ఏడుపు, ఇక్కడ వద్దు.

ఆయనది గుణదల. మేరీమాత కొండ పక్క వీధి. పెళ్ళయిన కొత్తలో తెరెసా గారితో హైదరాబాదు వచ్చి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మినియేచర్లు చేసే పనిలో కుదిరాడు. గ్రాఫిక్స్ వచ్చి ఆ పని కాస్తా ఊడ్చుకుపోయింది. ఇప్పుడు యాభై ఆరేళ్ళ వయసులో ఫిలింనగర్ సెట్లలో థర్మకోల్ స్తంభాలకు బంగారు రంగు కొడుతున్నాడు. తెరెసా గారు కాస్ట్యూమ్స్ వాళ్ళకు ఇంట్లోనే మిషను కుడతారు.

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం అంతరిక్ష ఓడల కిట్లు. అంటే ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని చిన్న చిన్న ముక్కలొస్తాయి, ఒక్కో ముక్క పక్కన ఒక నంబరు ఉంటుంది. కాగితం మీద బొమ్మ చూసుకుంటూ నంబరు ప్రకారం కత్తిరించి, అతికించి, రంగు వేసుకోవాలి. సందు దొరికినప్పుడల్లా నేను ఏడిపించేవాణ్ణి.

"ఈ వయసులో బొమ్మలేంటండీ?"

"బొమ్మలు కాదు రైటర్ గారూ, స్కేల్ మోడళ్ళు," అనేవాడు ఓపిగ్గా. నాకే గనక అంత ఓపికుంటే ఈపాటికి తెర మీద పేరు పడేది.

ఈ ఊళ్ళో మంచి కిట్ దొరకడం గగనం. జూబ్లీహిల్స్‌లో ఏసీ బొమ్మల షాపులకు వెళ్తే యుద్ధవిమానాలు, ట్యాంకులు, రేసుకార్లు చూపిస్తారు. అంతరిక్ష ఓడ అంటే బ్యాటరీ వేస్తే కూతలు పెట్టేది ఒకటి తెచ్చి ముందు పెడతారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సగానికి సగం నకిలీలు. ఒకసారి ఒకటి వచ్చింది. రెక్క వంకర, ముక్కల్లో గాలి బుడగలు, కాగితం జెరాక్సుకి జెరాక్సు. సెబాస్టియన్ దాన్ని వారం రోజులు వేణ్ణీళ్ళలో పెట్టి రెక్క సరిచేశాడు గానీ మనసుకి సరిపడలేదు. మంచి కిట్ ఎలా ఉండాలో నాకు చెప్పాడు. రెండు ముక్కలు జిగురు లేకుండా ఆనిస్తే చాలు, టక్కుమని కూర్చోవాలట. అతుకు మీద గోరు పెట్టి లాగితే గోరుకి తెలియకూడదట. "అలాంటిది నేను ఒక్కటే చూశానండీ," అన్నాడు. ఆ ఒక్కదాని గురించే ఇదంతా.

రెండువేల నాలుగులో ఒక నిర్మాత అంతరిక్షం మీద సినిమా మొదలుపెట్టాడు. ఓడ ఆకాశంలో పేలిపోవాలి. నాలుగడుగుల చెక్క ఓడ చేసి దాని ఒంటి నిండా గొట్టాలు, మరలు, మీటలు ఉన్నట్టు చూపించాలి. అవన్నీ చేత్తో చేయాలంటే ఏడాది పడుతుంది. అందుకని ప్లాస్టిక్ కిట్లు కొని, ముక్కలు కోసేసి, నచ్చినచోట అతికించేస్తారు. ప్రపంచమంతా అదే పద్ధతి. జపాన్ నుంచి నీలం డబ్బా వచ్చింది. సెబాస్టియన్ ఒక్క సాయంత్రంలో ఆ ఫ్రేములన్నీ కోసి పారేశాడు. ముక్కలన్నీ అతికించాక, ఖాళీ డబ్బాలో రంగుల డబ్బాలు పెట్టుకుందామని మూత తిప్పి చూశాడట. మూత మీద బొమ్మ ఉంది. సన్నటి తెల్లని ఓడ, వెనక నీలి గ్రహం.

"అప్పటిదాకా బొమ్మ వంక చూడనేలేదండీ. ఇంత అందమైందాన్నా నేను ముక్కలు చేసిందని కూర్చుండిపోయాను," అన్నాడు. మర్నాడు చెక్క ఓడని పేల్చారు. మొదటి టేకే ఓకే. ఆ గొడవలో డబ్బా కూడా పోయింది. తర్వాత రెండు షెడ్యూళ్ళకి సినిమా కూడా ఆగిపోయింది.

అప్పట్నుంచీ వెతుకుతున్నాడు. పేరు జపాను అక్షరాల్లో ఉండటం వల్ల పేరు తెలియదు. పేరు తెలియనిదాన్ని ఎలా వెతుకుతారు? మూత మీది బొమ్మని గుర్తున్నట్టుగా గీసి, ఫోన్ వచ్చాక ఈ పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపుల్లో పెడుతూ వచ్చాడు. ఏడేళ్ళకి ఒసాకాలో ఎవరో గుర్తుపట్టి పేరు చెప్పారు. కంపెనీ మూతపడిందని, అచ్చులు కరిగించేశారని కూడా చెప్పారు. ఆ పేరు నాకు పలకడం రాదు గానీ సెబాస్టియన్ మాత్రం స్తోత్రంలా పలుకుతాడు. ఒక్కదాన్ని, జీవితంలో ఒక్కదాన్ని పేల్చడానికి కాకుండా ఉంచుకోవడానికి కట్టాలి. ఆయన కోరిక అంతే. అది చెప్పినప్పుడల్లా నేను వెటకారం మానేసి వినేవాణ్ణి.

పోయిన వేసవిలో ఒక ఆదివారం, ఆయన చర్చిలో పూజ నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఊరికే అడిగాను. "అవునూ, మొదటి టేకే ఓకే అయింది కాబట్టి సరిపోయింది. డైరెక్టరు వన్ మోర్ అనుంటే ఏం చేసేవారు? ఓడ బుగ్గయ్యాక?"

"డూప్ పెట్టుకుంటాం కదండీ. పేలే వస్తువు ఏదైనా రెండు..." అని ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "రెండు డబ్బాలు తెప్పించాను. కావలసిన సామాన్ల ఇండెంట్ నేనే రాశాను, రైటర్ గారూ."

ఇరవై ఏళ్ళు ప్రపంచమంతా వెతికిన మనిషికి, తన చేత్తో రాసిన ఇండెంట్ గుర్తుకు రాలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ నిర్మాత అచ్యుతరామయ్య గారు. ఎనభైకి దగ్గర పడ్డారు. సినిమాలు తీయడం మానేసి జూబ్లీహిల్స్‌లో ఉంటున్నారు. నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, షేక్‌పేటలో గోడౌన్ ఖాళీ చేయిస్తున్నానని, పాత సామానంతా అక్కడే ఉందని, కనిపిస్తే పట్టుకుపొమ్మని చెప్పారు. గురువారం రమ్మన్నారు. ఆ మూడు రోజులూ సెబాస్టియన్ సరిగ్గా తిన్నది లేదు. టేబుల్ ఖాళీ చేశాడు, కొత్త బ్లేడ్లు కొన్నాడు. తెరెసా గారు మిషను మూలకు జరిపి చోటిచ్చారు.

గోడౌన్ ఫ్లైఓవర్ పక్క సందులో ఉంది. మేమిద్దరం వెళ్ళేసరికి అచ్యుతరామయ్య గారు కూడా వచ్చి ఉన్నారు. వాచ్‌మన్ నర్సింహ నిచ్చెన వేసి పై అర నుంచి దించాడు. నీలం డబ్బా. తాడు కట్టి ఉంది. సెబాస్టియన్ కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, చొక్కాకి తుడుచుకుని వచ్చాడు. తాడు విప్పి మూత తీశాడు.

లోపల ఎక్కడో అడుగున చిన్న ఫ్రేము ఒకటి తప్ప మిగతా ఫ్రేములు లేవు. పిన్ను కొట్టిన పాలిథిన్ కవర్లున్నాయి. కవర్ల నిండా ముక్కలు. నంబర్లన్నీ పోయాయి. అతికించడానికి చదునుగా ఉండాలని, ముక్కకీ ముక్కకీ పట్టు దొరికే బుడిపెలు కూడా అరగదీసి ఉన్నాయి. కవర్ల మీద మార్కరుతో రాసి ఉంది. గొట్టాలు. గుండ్రం. పలకలు. చిల్లర.

అచ్యుతరామయ్య గారు కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశారు. "ఇదేంటి, ముక్కలు చేసి పెట్టారు? నర్సింహా, ఎవరికిచ్చావు దీన్ని?"

"నేనెవ్వరికియ్యలే సారూ. ఇరవై ఏండ్ల సంది గా పై అరల్నే ఉంది. నేను ముట్టలే."

"ముట్టకపోతే దానంతటది కోసుకుందా? నమ్మి తాళాలిస్తే ఇదా నువ్వు చేసింది?"

నర్సింహ తల దించుకున్నాడు. నేను ఆ రాత వైపే చూస్తున్నాను. కింద వాటా గుమ్మం మీద పాలవాడికి అంటించే చీటీల్లో రాత అది, గ కింద తోక పొడుగ్గా ఉంటుంది. నోటిదాకా వచ్చింది గానీ, చెప్పాల్సింది నేను కాదనిపించింది. సెబాస్టియన్ కవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ కాసేపూ ఆయన నోరు విప్పకపోతాడేమోనని నాకు భయమేసింది.

"ఆయన్నేమీ అనకండి. కోసింది నేనేనండీ," అన్నాడు చివరికి. "ఒకటి పేలి షాట్ పాడైతే, రెండోది కోస్తూ కూర్చుంటే మీకు కాల్‌షీట్ వృథా అవుతుంది. అందుకని రెండూ ఒకేసారి కోసి, తయారుగా పెట్టాను. మర్చేపోయానండీ."

అచ్యుతరామయ్య గారు కళ్ళద్దాలు తీసి ఆయన వంక చూశారు. "మంచి పనివాడివయ్యా," అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అన్నారు. తిట్టినా బాగుండేది.

నర్సింహ తాడు మళ్ళీ కట్టి డబ్బా చేతికిచ్చాడు. "పోనీ తియ్ అన్నా. గప్పుడు నీ పని నువ్వు చేసినవ్. ఫికర్ జెయ్యకు."

సెబాస్టియన్ ఆటోలో కృష్ణానగర్ దాకా డబ్బాని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఇంత శ్రద్ధగా పని చేసిన పాపానికి మనిషికి ఇదా దక్కేది అనిపించింది. వీధి మలుపులో ఆయన కళ్ళు తుడుచుకుంటే నేను అటు తిరిగి కూర్చున్నాను.

ఆ డబ్బాని అటకెక్కిస్తాడనుకున్నాను. మర్నాడే టేబుల్ మీద పరిచాడు. డబ్బాలో దొరికిన కాగితం మీది బొమ్మలతో ఒక్కో ముక్కని పోల్చి, అంచులు కొలిచి, ఏది ఏ నంబరో వెతకడం మొదలుపెట్టాడు. ఇప్పటికి అయిదు నెలలు. సగం ముక్కలకు నంబర్లు దొరికాయి. బుడిపెలు అరిగిపోవడం వల్ల ఏదీ సరిగ్గా కూర్చోదు, అతుకుల్లో లప్పం పెట్టాల్సి వస్తోంది. ఆ అడుగున మిగిలిన చిన్న ఫ్రేములో పైలట్లు కూర్చునే గది మాత్రం అక్షరాలా ఉన్నది ఉన్నట్టు ఉంది. గొట్టాలుగానో పలకలుగానో పనికిరాదని అప్పుడు వదిలేశాడట. బొటనవేలంత ఉంటుంది, రెండు కుర్చీలు. దాన్ని మొదట కట్టాడు. నన్ను పిలిచి, అతుకు మీద గోరు పెట్టి లాగమన్నాడు. నా గోరుకి ఏమీ తెలియలేదు. అప్పుడాయన మొహం చూడాల్సింది.

ఆ గదికి చుట్టూ ఉండాల్సిన ఓడ మాత్రం ఎక్కడికక్కడ నోళ్ళు తెరుచుకుని ఉంది. మొన్న సాయంత్రం కాఫీ తాగుతూ చూస్తున్నాను. రెక్క ఒకటి మూడోసారి ఊడిపోయింది. తెరెసా గారు మిషను ఆపి అడిగారు.

"ఎప్పటికి పూర్తవుతుందండీ ఇది?"

"అవ్వదు తెరెసా. సరిగ్గా ఎప్పటికీ అవ్వదు."

"మరి రోజూ ఎందుకు కడుతున్నారు?"

ఆయన రెక్కని మళ్ళీ చేతిలోకి తీసుకుని, పాత జిగురు గీకడం మొదలుపెట్టాడు.

"ఇంకొకటి ఎక్కడైనా దొరికితే, అప్పటికి చెయ్యి తిరిగి ఉండాలి కదా," అన్నాడు.

ఆవిడ లేచి వెళ్ళి, టేబుల్ మీది లైటు వేశారు.